రై అని రాసి ఉంటే రై ఉన్నట్టేనా? 65.1 శాతం కెనడా విస్కీ చెప్పే సాక్ష్యం

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అమెరికా మద్యనిషేధం మీద ఇంతకుముందు చేసిన ఎపిసోడ్‌లో నేను రెండు మాటలు చాలా ధీమాగా చెప్పేశాను. ఒకటి, కెనడా విస్కీని "రై" అంటారు, ఎందుకంటే దాన్ని రై అనే ధాన్యంతో చేస్తారు. రెండు, అమెరికాలో నిషేధం పెట్టడం వల్లే కెనడా విస్కీ కంపెనీలు బాగుపడ్డాయి. తర్వాత కూర్చుని చదివితే రెండూ తేడాగా ఉన్నాయి. పూర్తిగా అబద్ధం కాదు గానీ, నేను చెప్పిన పద్ధతిలో మాత్రం నిజం కాదు. అందుకే ఈరోజు టేబుల్ మీద ఒక సీసా పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్తాను. సీసా పేరు ఆల్బర్టా ప్రీమియం కాస్క్ స్ట్రెంత్. 100 శాతం రై, 65.1 శాతం ఆల్కహాల్. చివర్లో దీన్ని రుచి చూసి, నాకేం అనిపించిందో చెప్తాను.

ముందే ఒక మాట. తాగే వయసు మన తెలుగు రాష్ట్రాల్లో 21, నేనుండే ఒంటారియోలో 19. ఆ వయసు రానివాళ్ళు చరిత్ర విని వెళ్ళిపోండి. వయసు వచ్చినవాళ్ళు కూడా, తాగకపోతే ఏదో కోల్పోతున్నాం అనుకోవద్దు.

నేను ఒంటారియోలో విండ్సర్ అనే ఊళ్ళో ఉంటాను. చదువుకునే రోజుల్లో ఒక రెస్టారెంట్‌లో పార్ట్ టైమ్ చేసేవాణ్ణి. మొదటి వారంలో ఒక పెద్దాయన వచ్చి "రై అండ్ జింజర్" అన్నాడు. నాకు హిందీ కొంచెం వచ్చు, హిందీలో రాయి అంటే ఆవాలు. ఆవాలూ అల్లమూ కావాలంటున్నాడు, ఇదేం రోగం అనుకుని వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ నవ్వారు చూడండి! రై అంటే ఇక్కడ విస్కీ. జింజర్ అంటే జింజర్ ఏల్, అల్లం రుచి ఉన్న సోడా. కెనడాలో పాతతరం వాళ్ళు విస్కీ అని అడగరు, రై అనే అడుగుతారు. సరే అని బార్‌లో ఉన్న మామూలు సీసా తీసి పోశారు. ఆ సీసాలో రై ధాన్యం ఎంత ఉందో పోసినవాళ్ళకీ తెలియదు, తాగినాయనకీ తెలియదు.

రై అంటే అసలు ఏంటంటే గోధుమకీ బార్లీకీ దగ్గరి చుట్టమైన ధాన్యం. మనవైపు పండదు కాబట్టి తెలుగులో దానికి వాడుక పేరు లేదు. చలికి తట్టుకుంటుంది, ఇసుక నేలలో కూడా వస్తుంది. రొట్టె చేస్తే నల్లగా, కొంచెం పుల్లగా ఉంటుంది. అమెరికాలో సీసా మీద రై విస్కీ అని రాయాలంటే వాడిన ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి. కెనడాలో? ఎంతా అక్కర్లేదు. నిజంగానే. కెనడా నిబంధనల్లో కెనడియన్ విస్కీ, కెనడియన్ రై విస్కీ, రై విస్కీ, ఈ మూడు పేర్లూ ఒకే సరుకుకి. కెనడాలోనే తయారవ్వాలి, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్ళు ఉండాలి, 40 శాతం ఆల్కహాల్‌కి తగ్గకూడదు. ఇంకో షరతు నాకు భలే ఇష్టం: కెనడియన్ విస్కీకి సాధారణంగా ఉండే వాసన, రుచి, లక్షణం దానికి ఉండాలట. అంటే, కెనడా విస్కీ కెనడా విస్కీలా ఉండాలి! చట్టం రాసినాయన ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళాలనుకున్నాడేమో.

మరి రై అనే పేరు ఎలా వచ్చింది? కెనడాలో తొలి విస్కీలు పిండిమిల్లుల పక్కన పుట్టాయి. మిల్లులో మిగిలిన గోధుమ ఊరికే పారేయలేక పులియబెట్టి బట్టీ పెట్టేవారు. టొరంటోలో గుడర్‌హామ్ అండ్ వర్ట్స్ అనే పెద్ద డిస్టిలరీ కూడా 1832లో గాలిమరతో నడిచే పిండిమిల్లుగానే మొదలైంది, 1837లో విస్కీ చేయడం మొదలుపెట్టారు. ఆ గోధుమ సారా చప్పగా ఉండేది. జర్మన్, డచ్ వలసదారులు దాంట్లో కొంచెం రై వేసి చూడండన్నారు. రై వేస్తే ఘాటు వచ్చింది. జనానికి నచ్చింది. మామూలుది వద్దు, రై వేసింది ఇవ్వు అని అడగడం మొదలుపెట్టారు. క్రమంగా "రై వేసింది" కాస్తా "రై" అయిపోయింది. అంటే మొదటి నుంచీ రై ఇక్కడ ప్రధాన దినుసు కాదు. పోపు దినుసు!

ఈ మాట ఊరికే అనడం లేదు. కెనడా వాళ్ళ పద్ధతి ఇప్పటికీ ఇదే. అమెరికాలో బూర్బన్ చేసేటప్పుడు మొక్కజొన్న, రై, బార్లీ ముందే కలిపేసి ఉడికించి పులియబెడతారు, మన సాంబార్‌లో ముక్కలన్నీ ఒకే గిన్నెలో ఉడికినట్టు. కెనడాలో చాలావరకు ధాన్యాలని విడివిడిగా చేస్తారు. మొక్కజొన్నతో తేలికైన విస్కీ ఒకటి, దీన్ని బేస్ అంటారు. రైతో ఘాటైన విస్కీ ఇంకోటి. వేర్వేరు పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచి, చివర్లో కలుపుతారు. బేస్ మన పప్పు అనుకోండి, రై దాని మీద వేసే పోపు. పప్పంతా పోపు పేరుతో పిలుస్తున్నారు, అంతే తేడా. ఆవాలకీ రైకీ సంబంధం లేదని నవ్వినవాళ్ళకి ఇప్పుడు నా సమాధానం ఇదే: పనైతే ఒకటే.

ఇక నా రెండో తప్పు. విండ్సర్‌లో నది ఒడ్డున నిలబడితే ఎదురుగా డెట్రాయిట్. ఇక్కడొక వింత, అమెరికా మనకి ఉత్తరాన కనిపిస్తుంది. నది వెడల్పు కిలోమీటర్ కూడా ఉండదు. హైరం వాకర్ అని 1816లో మసాచుసెట్స్‌లో పుట్టిన ఒక అమెరికన్, డెట్రాయిట్‌లో కిరాణా వ్యాపారి. 1850లలో మిషిగన్‌లో మద్యనిషేధం చట్టం వచ్చింది. ఆయన నదికి ఇవతల భూమి కొని 1858లో డిస్టిలరీ కట్టాడు. ఇల్లు మాత్రం ఎక్కువకాలం డెట్రాయిట్‌లోనే, ఫెర్రీ ఎక్కి వచ్చి పని చూసుకుని వెళ్ళేవాడు. డిస్టిలరీ చుట్టూ పనివాళ్ళ ఇళ్ళు, వీధులు, చర్చి కట్టించాడు. వాకర్‌విల్ అని ఆ పేట ఇప్పటికీ ఉంది.

ఆయన "క్లబ్ విస్కీ" అమెరికాలో ఎంత నడిచిందంటే, అక్కడి డిస్టిలరీల వాళ్ళు ఇది పరాయి సరుకని లేబుల్ మీద దేశం పేరు రాయించాలని పట్టుబట్టారు. పేరు కెనడియన్ క్లబ్ అయింది. జనం దూరం జరుగుతారనుకుంటే, అదే గొప్ప అయి కూర్చుంది. ఇదంతా 1890 ప్రాంతం మాట. ఈలోపు 1887లో కెనడా ప్రభుత్వం విస్కీని తప్పనిసరిగా కొంతకాలం నిల్వ ఉంచాలని చట్టం తెచ్చింది, 1890 నాటికి అది రెండేళ్ళు అయింది. బ్రిటన్‌లో ఇలాంటి చట్టం 1915లో గానీ రాలేదు. నా అనుమానం ఏంటంటే ఈ చట్టంతోనే చిన్న బట్టీల పని అయిపోయి ఉంటుంది. రెండేళ్ళు సరుకు అమ్మకుండా కూర్చోగలిగేది ఎవరు? డబ్బున్నవాళ్ళే కదా.

చూశారు కదా, ఇదంతా నిషేధానికి ముప్పై ఏళ్ళ ముందే. 1920లో అమెరికా దేశమంతా నిషేధం వచ్చేనాటికి కెనడా విస్కీకి అక్కడ పేరూ ఉంది, మార్కెట్టూ ఉంది. నిషేధంతో ఏమైంది? తమ అతి పెద్ద గిరాకీ ఒక్కసారిగా చట్టవిరుద్ధం అయిపోయింది. ఒంటారియోలో కూడా 1916 నుంచి 1927 దాకా నిషేధమే, కాకపోతే ఎగుమతి కోసం తయారుచేయడానికి అడ్డు లేదు. దొంగ రవాణా జరిగింది, లేదనడం లేదు. ఈ నది మీద రాత్రిళ్ళు పడవలు నడిచాయి, చలికాలంలో గడ్డకట్టిన నీటి మీద కార్లే నడిపారు. మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టాక, పక్కనే పుదుచ్చేరి కింద ఉన్న యానాం ఎందుకు అంత గుర్తొచ్చేదో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

కానీ పడవ నడిపినవాడు బాగుపడటం వేరు, విస్కీ చేసినవాడు బాగుపడటం వేరు. నిషేధం నిజంగా బంగారు గని అయితే పాత యజమానులు ఎందుకు అమ్ముకున్నారు? గుడర్‌హామ్ అండ్ వర్ట్స్ 1923లో చేతులు మారింది. వాకర్ కుటుంబం 1926లో హ్యారీ హ్యాచ్‌కి అమ్మేసింది. సీగ్రామ్ 1928లో బ్రాన్ఫ్‌మన్ సోదరుల చేతికి వెళ్ళింది. పదేళ్ళలోపే పెద్ద పెద్ద పేర్లు మూడూ! కొన్నవాళ్ళు తర్వాత కోట్లు సంపాదించారు, నిషేధం ఎత్తేసేనాటికి పీపాల నిండా పాత సరుకు పెట్టుకున్నారు కాబట్టి. నేను కొన్నవాళ్ళ కథని అందరి కథగా చెప్పేశాను. అదీ నా తప్పు.

సరే, ఇక ఈ సీసా పుట్టిన ఊరికి వెళ్దాం. విండ్సర్ నుంచి పడమరకి కారులో మూడు రోజులకి పైనే పడుతుంది, కాల్గరీ. రాకీ పర్వతాల దగ్గర, చుట్టూ ప్రెయిరీ మైదానాలు. 1946లో అక్కడ ఆల్బర్టా డిస్టిలర్స్ మొదలైంది. ఒంటారియో వాళ్ళకి మొక్కజొన్న దొరికినట్టు వీళ్ళకి రై దొరుకుతుంది. అందుకని మిగతావాళ్ళు పోపుగా వాడేదాన్ని వీళ్ళు పప్పుగా కూడా వండటం మొదలుపెట్టారు, అంటే మొత్తం రైతోనే విస్కీ.

చెప్పినంత తేలిక కాదు. రై పిండిని వేడినీళ్ళలో వేస్తే జిగురు కడుతుంది. రాగి సంకటి కలిపేటప్పుడు తెడ్డు తిరగకుండా బిగుసుకుంటుంది చూడండి, అలా. అది వేల లీటర్ల ట్యాంకులో జరిగితే పంపులు ఆగిపోతాయి. పులిసేటప్పుడు నురగ పొంగి పైకి వస్తుంది. ఆల్బర్టా డిస్టిలర్స్ వాళ్ళు ఈ జిగురుని విరగ్గొట్టే ఎంజైములు తమ దగ్గరే తయారుచేసుకున్నారు. ఇలా దశాబ్దాల పాటు పోగైన పనితనం అది.

ఆ పనితనంతో వచ్చిన ఆల్బర్టా ప్రీమియం కెనడాలో ఏ స్థాయి సరుకో తెలుసా? షాపులో కింది అరలో, చవక సీసా. కోక్‌లో, జింజర్ ఏల్‌లో కలుపుకునేది. మరోపక్క అదే డిస్టిలరీ నుంచి 100 శాతం రై పీపాలు అమెరికా వెళ్ళాయి. 2010లో వెర్మాంట్‌లో విజిల్‌పిగ్ అనే బ్రాండ్ పదేళ్ళ రై అని పెద్ద ధరకి అమ్మడం మొదలుపెట్టింది. దాని వెనకున్న డేవ్ పికరెల్ పెద్ద పేరున్న డిస్టిలర్, ఏ పీపా కొనాలో తెలిసిన మనిషి. అమెరికాలో అందరూ ఆహా అన్నారు. లోపల ఉన్నది కాల్గరీ సరుకు. అమెరికన్ల తప్పు పట్టను, వాళ్ళు మంచి పీపాని గుర్తుపట్టారు. తన ఇంట్లో ఏముందో కెనడాకే తెలియలేదు. మన ఊరి మామిడిపండు పక్కూరి స్టిక్కర్‌తో ఎక్కువ ధరకి అమ్ముడుపోతుంటే మనం చూస్తూ ఉన్నట్టు.

తర్వాత మార్పు వచ్చింది. మా విండ్సర్‌లో వాకర్ డిస్టిలరీలోనే, డాన్ లివర్‌మోర్ అనే మాస్టర్ బ్లెండర్ హయాంలో, 2012లో లాట్ నంబర్ 40 అనే రై విస్కీ మళ్ళీ మార్కెట్‌లోకి వచ్చింది. 2017లో దాని కాస్క్ స్ట్రెంత్ రకం, పన్నెండేళ్ళది, 55 శాతం. 2018లో పదకొండేళ్ళది, 58.4 శాతం. 2019లో కాల్గరీ నుంచి ఈ 65.1 శాతం సీసా. 2020 చివర్లో జిమ్ ముర్రే అనే బ్రిటిష్ రచయిత తన విస్కీ బైబిల్‌లో దీన్ని ఆ సంచికకి ప్రపంచంలోనే మేటి విస్కీ అన్నాడు. షాపుల్లో సీసాలు మాయం. నిన్నటిదాకా కోక్‌లో కలిపినవాళ్ళే లైన్లో నిలబడ్డారు.

కాస్క్ స్ట్రెంత్ అంటే ఏంటో చెప్పలేదు కదూ. పీపాలోంచి తీసిన విస్కీలో మామూలుగా నీళ్ళు కలిపి 40 శాతానికి దించి సీసాలో పోస్తారు. అలా దించకుండా, పీపాలో ఉన్న బలంతోనే పోస్తే కాస్క్ స్ట్రెంత్. పొడి వాతావరణంలో పీపా చెక్కలోంచి ఆల్కహాల్ కన్నా నీళ్ళు ఎక్కువ ఆవిరవుతాయి, బలం పెరుగుతుంది. స్కాట్లండ్‌లాంటి తేమ ప్రాంతంలో దీనికి తిరగబడి బలం తగ్గుతుంది.

మన దగ్గర విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ వింత అంకె బ్రిటిష్ వాళ్ళ ప్రూఫ్ లెక్క నుంచి వచ్చింది. వాళ్ళ 100 ప్రూఫ్ అంటే 57 శాతం పైచిలుకు, దాంట్లో 75 వంతులు తీస్తే 42.8. ఇప్పుడు లెక్క చూడండి. ఈ సీసాలోది 30 మిల్లీలీటర్లు తాగితే, మన ఊరి విస్కీ 45 మిల్లీలీటర్లు పైనే తాగినట్టు. గ్లాసులో చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది, ఒంట్లోకి వెళ్ళేది చిన్నది కాదు. మొదటిసారి నేను హాస్టల్ అలవాటుతో ఒక్క గుక్కలో వేశాను. నాలుక అరగంట దాకా పనిచేయలేదు. ఆ రోజు నేను ఈ విస్కీని రుచి చూశానని చెప్పలేను.

ఈసారి పద్ధతిగా. తులిప్ పువ్వులా పైన ముడుచుకున్న గ్లాసు, అందులో 15 మిల్లీలీటర్లు. ఒక చెంచా నీళ్ళు, అంటే 5 మిల్లీలీటర్లు కలిపితే బలం సుమారు 49 శాతానికి దిగుతుంది. రెండో చెంచాకి 39. మూడు దశల్లోనూ వాసన చూస్తాను.

నీళ్ళు కలపకుండా ముందు. ముక్కు గ్లాసులో పెట్టకండి, గడ్డం దగ్గర పట్టుకోండి చాలు. ఆల్కహాల్ కొడుతుంది, కానీ 65 శాతానికి భయపడినంత లేదు. బెల్లం పాకం, వెనిలా, కొంచెం వార్నిష్. నాలుక మీద ఒక చుక్క వేస్తే తియ్యగా, చిక్కగా మొదలై వెంటనే మిరియం. ఇంకేం తెలియదు, మంట కమ్మేస్తుంది.

ఒక చెంచా నీళ్ళు. ఇప్పుడు తలుపు తీసినట్టైంది. లవంగం, దాల్చినచెక్క, కమలాపండు తొక్క, వాటి వెనక ఎండుగడ్డి. వాన పడ్డ మర్నాడు గడ్డివాము దగ్గర వచ్చే వాసన. ఇది వట్టి ఊహ కాదు. రై ధాన్యంలో ఉండే ఫెరూలిక్ ఆమ్లం పులిసేటప్పుడు వినైల్ గ్వాయకోల్ అనే పదార్థంగా మారుతుంది. మన లవంగంలో ఉండే యూజినాల్‌కి అది దగ్గరి బంధువు. నీళ్ళు కలిపితే వాసన ఎందుకు పెరుగుతుందో 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీలో కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద లెక్కగట్టారు. ఆల్కహాల్ 59 శాతం దాటితే గ్వాయకోల్ అణువుల్ని ఆల్కహాల్ చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది, 45 శాతం దాకా దిగితే అవి పైకి తేలతాయి. అంటే నీళ్ళు కలపకుండా తాగడం మగతనం అనుకునే అన్నయ్యలు, ఈ సీసాలో డబ్బులు పెట్టి కొన్నదాన్ని వాసన చూడకుండానే మింగేస్తున్నారు.

రెండో చెంచా తర్వాత లవంగం తగ్గి, శొంఠి, పచ్చి ఆపిల్ కాయ, రొట్టె మాడు. బాగానే ఉంది గానీ పలచబడింది. నాకు నచ్చింది 49 దగ్గరే.

లోపం చెప్పాలా? తీపి. మధ్యలో ఒక దశలో వెనిలా, పాకం రెండూ కలిసి రైని కప్పేస్తాయి. లాట్ 40 పదకొండేళ్ళదాన్ని ఒకసారి స్నేహితుడి దగ్గర రుచి చూశాను, అందులో ఈ కప్పడం తక్కువ. రై రొట్టె, మిరియం, ఎండుగడ్డి సూటిగా వస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే రై అంటే ఏంటో తెలుసుకోవడానికి నేను లాట్ 40 ఇస్తాను. మళ్ళీ ఇంకో చెంచా పోసుకోవాలనిపించేది మాత్రం ఇదే. ప్రపంచంలో మేటి విస్కీనా? అది ఒక మనిషి ఒక ఏడాది రాసిన మాట. ప్రపంచంలో ఉన్న పీపాలన్నీ ఎవరూ తాగలేరు. 2016 సంచికలో ఆయనే ఇంకో కెనడా రైకి, క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్‌కి, అదే పట్టం కట్టాడు.

నాకు ముఖ్యమైంది వేరే. రై అనే పేరు వెనక రై లేకుండానే దశాబ్దాలు గడిచిన దేశంలో, ఆ ధాన్యాన్ని జిగురుతో సహా ఒప్పించి విస్కీగా మార్చగల మనుషులు అంతకాలమూ ఉన్నారు. వాళ్ళ పని ఎప్పుడూ ఇంకెవరి పప్పులోనో పోపుగా, ఇంకెవరి లేబుల్ కిందో వెళ్ళిపోయింది. ఈ సీసాలో నీళ్ళు కూడా కలపలేదు, దాక్కోవడానికి చోటు లేదు.

కిందటి వారం రెస్టారెంట్‌లో అప్పట్లో నన్ను చూసి నవ్విన వంటాయన కనిపించాడు. ఇంటికి పిలిచి 10 మిల్లీలీటర్లు పోసి, అర చెంచా నీళ్ళు కలిపి ఇచ్చాను. వాసన చూసి, కాసేపు ఆగి, దీంట్లో లవంగం ఏమన్నా వేశావా అని అడిగాడు.